ఒత్తు తెంచని ట్రంకేట్, పొల్లు మింగేసిన క్లీన్: ఒక స్ట్రింగ్ లైబ్రరీ గురించి

ట్రిమ్, స్ప్లిట్, రీప్లేస్ లాంటి మామూలు ఫంక్షన్ల సంగతి వదిలేస్తున్నా, అవి ఎందులోనైనా ఒకటే. స్ట్రింగ్‌లతో, అంటే ప్రోగ్రాంలోని రాతతో, పని చేసే రెడీమేడ్ ఫంక్షన్ల మూట ఈ చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ. దీన్ని ఇన్నాళ్లూ వదలకపోవడానికి కారణం దాని ట్రంకేట్, పొడవైన మాటని చోటుకి తగ్గట్టు కత్తిరించే ఫంక్షన్.

మన అక్కయ్యపాలెమే తీసుకోండి. చదివితే అయిదక్షరాలు. జావాస్క్రిప్ట్‌ని పొడవు అడిగితే 12 అంటుంది, పొల్లుకీ గుణింతానికీ సున్నకీ విడివిడిగా కోడ్లున్నాయి కాబట్టి. జావాస్క్రిప్ట్‌లో ఉండే మామూలు స్లైస్‌తో 6వ కోడ్ దగ్గర కోస్తే లేబుల్ మీద ‘అక్కయ్’ అని పడుతుంది. ఈ ట్రంకేట్ ‘అక్క’ దగ్గరో ‘అక్కయ్య’ దగ్గరో ఆగుతుంది గానీ నడుమ తెంచదు. విశాఖలో ఒక పచ్చళ్ల దుకాణానికి పార్సిల్ లేబుళ్ల ప్రోగ్రాం నేనే చూస్తాను. చిన్న స్టిక్కర్ మీద తెలుగు అడ్రస్ విరగకుండా వస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇబ్బంది క్లీన్ ఫంక్షన్‌తో వచ్చింది. కంటికి కనిపించని చెత్తను ఏరేస్తుందని దాని వివరణ. ఒకరోజు దుకాణం ఆవిడ ఫోటో పంపి ఫోన్ చేశారు: “ఏటి బాబూ, స్టీల్‌ప్లాంట్ ఇలాగొచ్చిందేటి?” చూస్తే ‘స్టీల్ప్లాంట్’. ల కింద రెండు ఒత్తులు ఇరుక్కున్నాయి. బీచ్‌రోడ్ కూడా ‘బీచ్రోడ్’ అయిపోయింది. ఫాంట్ మార్చాం, ప్రింటర్ డ్రైవర్ మళ్లీ వేశాం, ఫలితం లేదు. చివరికి ఒక్కో కోడూ విడిగా రాయించి చూస్తే దొరికింది. పొల్లు తర్వాత ఉండాల్సిన 200సి అనే కోడ్ మాయమైంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. కనిపించదు గానీ పొల్లుని పొల్లుగా నిలబెట్టేది అదే. క్లీన్ లోపల 200బి నుంచి 200డి దాకా ఒక్క దెబ్బకి తుడిచేస్తోంది. ఇంగ్లిష్‌కి అది చెత్త కావచ్చు, మనకది స్పెల్లింగ్‌లో భాగం. ఒత్తుల్ని అంత శ్రద్ధగా కాపాడిన లైబ్రరీలోనే ఇలా జరిగిందని నిజంగా బాధేసింది.

ఒక్కరే తీరిక వేళల్లో నడిపే లైబ్రరీ కనుక పేరు రాయడం లేదు. మీరు వాడేది ఏదైనా సరే, దానికి ‘స్టీల్‌ప్లాంట్’ ఇచ్చి చూడండి.

ట్రంకేట్ గొప్పతనం కూడా పూర్తిగా దానిది కాదు. అక్షరాల లెక్కకి అది జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న, మాటని అక్షరాలుగా విడగొట్టే సెగ్మెంటర్‌నే పిలుస్తుంది. తెలుగు ఒత్తుల్ని విడదీయకూడదన్న నియమం అక్షరాలకి కోడ్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది 2023లో, 15.1 వెర్షన్‌తో. అందుకే కౌంటర్ దగ్గరి పాత కంప్యూటర్‌లో ‘అక్కయ్’ మళ్లీ కనిపించింది, బ్రౌజర్ మార్చాకే పోయింది.

ఇప్పుడు క్లీన్‌ని వెతకడానికే వాడుతున్నా. ఒకే అడ్రస్‌ని ఒకరు 200సితో, ఇంకొకరు అది లేకుండా కొడితే రెంటినీ కలపడానికి బాగా పనికొస్తుంది. ప్రింటుకి మాత్రం కస్టమర్ కొట్టింది కొట్టినట్టే పోతుంది. నాది ఒక్క దుకాణం, తెలుగు లేబుళ్లు, కాబట్టి ఈ లైబ్రరీ నాకు గిట్టుబాటే. మీ అడ్రసులన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటే జావాస్క్రిప్ట్‌లో ఉన్నవే సరిపోతాయి.