బ్రదర్ హెచ్‌ఎల్-ఎల్2321డి లేజర్ ప్రింటర్: ఇంట్లో కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ఇంటికి ఏ ప్రింటర్ కొనమంటారని ఎవరైనా అడిగితే ముందు నేనే ఒక ప్రశ్న వేస్తాను. మీరు దాన్ని వరసగా ఎన్నాళ్లు ముట్టుకోకుండా ఉంచుతారు? నిమిషానికి ఎన్ని పేజీలు, రంగులు ఎంత బాగా వస్తాయి, ఇవన్నీ తర్వాతి సంగతి. మా ఇంట్లో బడులు తెరిచినప్పుడు, పరీక్షల ముందు కట్టలు కట్టలు ప్రింట్లు పడతాయి. మధ్యలో వారాల తరబడి మిషన్ మీద గుడ్డ కప్పే ఉంటుంది. ఉన్నట్టుండి ఒకరోజు పొద్దున్నే మావయ్యగారికి బ్యాంకులో ఇవ్వాల్సిన ఫారమో, పిల్లవాడి హాల్ టికెట్టో కావాలి. ఆ ఒక్క పేజీ అప్పటికప్పుడు, అక్షరం చెదరకుండా రావాలి. నా దృష్టిలో ఇంటి ప్రింటర్‌కి ఇంతకు మించిన పరీక్ష లేదు.

అంతకుముందు మా ఇంట్లో రంగుల ఇంక్‌జెట్ ఉండేది. పేరు చెప్పను, ఎందుకంటే ఆ ఇబ్బంది ఏ ఒక్క కంపెనీదో కాదు, ఆ పద్ధతిదే. ఇంక్‌జెట్‌లో సిరా ద్రవం. కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాల్లోంచి కాగితం మీద పడుతుంది. కొన్ని వారాలు వాడకపోతే ఆ రంధ్రాల దగ్గర సిరా ఎండిపోతుంది. అప్పుడు ఆ రంధ్రాలను శుభ్రం చేసే హెడ్ క్లీనింగ్ పెట్టాలి. ఆ క్లీనింగ్‌కీ సిరానే కావాలి. అది కాగితం మీదకి రాకుండా లోపలున్న స్పాంజిలోకి పోతుంది. మేం నల్ల అక్షరాలు తప్ప ఏమీ ప్రింట్ చేయకపోయినా రంగుల కాట్రిడ్జ్ ఖాళీ అవుతూ ఉండేది. పైగా తడిచేయి తగిలితే అక్షరం అలుక్కుపోయేది.

లేజర్‌లో తడి అన్నదే లేదు. టోనర్ పొడి. డ్రమ్ము అనే గుండ్రటి గొట్టం మీద లేజర్ కాంతి పడిన చోట ఆ పొడి అంటుకుంటుంది, అక్కడి నుంచి కాగితం మీదకి దిగుతుంది, ఆఖర్న ఫ్యూజర్ అనే వేడి రోలర్ దాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది. పొడి ఎండిపోయేది కాదు కాబట్టి ఎన్ని వారాలు ఊరుకున్నా దానికి ఇబ్బంది లేదు. మేం వేసవి సెలవులకు ఊరెళ్లి వచ్చాక కూడా మొదటి పేజీయే నల్లగా, నిండుగా వచ్చింది. ఇన్నేళ్లలో ఈ ఒక్క విషయంలో నాకు ఒక్కసారి కూడా నిరాశ కలగలేదు.

లేజర్ అని అనుకున్నాక మా ముందు రెండు దారులు కనిపించాయి. ఒకటి కెనాన్ ఎల్‌బీపీ2900బి. జిరాక్స్ షాపుల్లో, మీసేవా కేంద్రాల్లో, లాయర్ల గుమాస్తాల బల్లల మీద మీరందరూ చూసే ఉంటారు. దాని బలం కాట్రిడ్జ్. అందులో పట్టే 303 కాట్రిడ్జ్, హెచ్‌పీ 12ఏ రెండూ ఒకే కొలతవి. 12ఏ రీఫిల్ చేసేవాళ్లు లేని పట్టణం ఉండదేమో. డ్రమ్ము కూడా కాట్రిడ్జ్‌లోనే ఉంటుంది కాబట్టి కాట్రిడ్జ్ మారిస్తే సగం మిషన్ కొత్తదైనట్టే. కానీ అది నిమిషానికి 12 పేజీలే ఇస్తుంది, రెండో వైపు ప్రింట్ కావాలంటే కాగితాలు మనమే తిప్పి పెట్టాలి. ఏ వైపు పైకి పెట్టాలో, వరస ఎటో గుర్తుపెట్టుకుంటూ నలభై పేజీల నోట్సు కొట్టడం ఎంత విసుగో చేసినవాళ్లకే తెలుస్తుంది.

రెండోది ఈ బ్రదర్. నిమిషానికి 30 పేజీలు, రెండు వైపులా దానంతట అదే కొడుతుంది, కింద ట్రేలో 250 కాగితాలు పడతాయి. పేరు చివరున్న డి అక్షరం ఆ రెండు వైపుల ప్రింటింగ్‌కి గుర్తు. ఎన్ ఉంటే నెట్‌వర్క్ కేబుల్, డబ్ల్యూ ఉంటే వైఫై. కొనేముందు ఈ చివరి అక్షరాలు చూసుకుంటే చాలు, అమ్మేవాళ్ల మాటల కోసం ఎదురుచూడక్కర్లేదు. మాది ఒట్టి డి. అంటే యూఎస్‌బీ తీగ ఒక్కటే. ఫోన్లో ఉన్న ఫైలు వాట్సాప్‌లో లాప్‌టాప్‌కి పంపుకుని అక్కడి నుంచి ప్రింట్ ఇస్తాం. మాకది అలవాటైపోయింది. ఇంట్లో లాప్‌టాప్ లేకుండా అన్నీ ఫోన్లోనే నడిచే కుటుంబమైతే మాత్రం ఇది వద్దు, డబ్ల్యూ ఉన్నదే తీసుకోండి. స్కానర్ కావాలనుకుంటే ఇదే టోనర్‌తో నడిచే డీసీపీ-ఎల్2520డి ఉంది, కాస్త ధర ఎక్కువ. ఆధార్ జిరాక్సుల్లాంటివి మేం ఫోన్లో స్కాన్ చేసుకుని పీడీఎఫ్‌గా ప్రింట్ చేసుకుంటాం. నాలుగు మూలలూ సరిగ్గా పట్టుకుంటే ఇప్పటిదాకా ఏ ఆఫీసులోనూ కాదనలేదు.

తెలుగు ప్రింట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు సమీక్షల్లో ఇది దొరకదు. మన లిపిలో ఒత్తులు చిన్నవి, సున్నలు, గుడులు దగ్గర దగ్గరగా ఉంటాయి. సిరా కాస్త పాకితే 'ఘ'కీ 'ఫ'కీ తేడా తెలియదు. లేజర్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) మామూలు సెట్టింగ్‌లోనే తొమ్మిది పాయింట్ల అక్షరంలో కూడా ఒత్తు విడిగా కనిపిస్తుంది. మీభూమిలో తీసుకున్న 1బి, అడంగల్ పేజీల్లో సర్వే నంబర్లు, పట్టాదారు పేర్లు కిక్కిరిసి ఉంటాయి కదా, అవి కూడా భూతద్దం పెట్టుకోకుండా చదవొచ్చు. అత్తయ్యగారికి విష్ణు సహస్రనామం పెద్దక్షరాలతో కొట్టి ఇచ్చాను. రోజూ చేత్తో తిప్పుతారు, ఒక్కోసారి పసుపు వేళ్లతో కూడా. పేజీ అంచులు మాసిపోయాయి గానీ అక్షరం చెదరలేదు. ఇంకో మాట. కొన్ని తెలుగు పీడీఎఫ్‌లు తెర మీద బాగానే కనిపించి కాగితం మీద గజిబిజిగా వస్తాయి. ప్రింటర్ పాడైందని కంగారు పడొద్దు. అడోబీ రీడర్‌లో ప్రింట్ కిటికీ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, 'ప్రింట్ యాజ్ ఇమేజ్' టిక్ పెట్టండి. తెర మీద ఉన్నది ఉన్నట్టు బొమ్మగా వెళ్తుంది కాబట్టి సరిగ్గా వస్తుంది.

ఖర్చు సంగతి. ఇందులో టోనర్ వేరు, డ్రమ్ము వేరు. టోనర్ టీఎన్-2365, కంపెనీ లెక్కలో 2,600 పేజీలు. డ్రమ్ము డీఆర్-2365, సుమారు 12,000 పేజీలు. ఈ పేజీల లెక్కను అలాగే నమ్మకండి. అది పేజీలో అయిదు శాతం నలుపు ఉన్న మామూలు ఉత్తరం లాంటి దాన్ని బట్టి వేసినది. ఫోటోలున్న పాఠాలు, నల్ల గడులున్న ఫారాలు, ఫోన్లో తీసిన మసక స్కాన్లు ఎక్కువ కొడితే టోనర్ అంతకంటే త్వరగా అయిపోతుంది. స్కాన్ చేసేటప్పుడు వెనకాల బూడిదరంగు లేకుండా తెల్లగా చేసుకుంటే చాలా టోనర్ మిగులుతుంది. రోజువారీ పాఠాలకు డ్రైవర్‌లో టోనర్ సేవ్ మోడ్ పెట్టాను, ఆఫీసుల్లో ఇచ్చే వాటికి తీసేస్తాను.

కంపెనీ టోనర్‌కి నేను మూడు వేల చిల్లర పెట్టాను. అంటే పేజీకి రూపాయి పైమాట. మా వీధి చివర నెట్ సెంటర్లో ఒక ప్రింట్ అయిదు రూపాయలు, పది కూడా తీసుకుంటారు. వేరేవాళ్లు తయారుచేసే కంపాటిబుల్ టోనర్లు కంపెనీ టోనర్‌లో నాలుగో వంతు ధరకే దొరుకుతాయి. రెండూ వాడాను. ఒక కంపాటిబుల్ బాగానే నడిచింది. మరొకటి తెల్ల భాగమంతా లేత బూడిదరంగుగా పొగ పట్టినట్టు ప్రింట్ ఇచ్చింది, తీసి చూస్తే డ్రమ్ము కింద పొడి రాలి ఉంది. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: పిల్లల నోట్సులకు కంపాటిబుల్, అదీ తిరిగి తీసుకుంటాననే షాపు దగ్గరే. పొడి రాలితే తడిబట్టతో, చల్లటి నీళ్లతోనే తుడవాలి. వేడినీళ్లు తగిలితే అది అంటుకుపోతుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు.

టోనర్ అయిపోయిందని సందేశం రాగానే కొత్తది కొనేయకండి. చాలాసార్లు లోపల ఇంకా పొడి ఉంటుంది. కాట్రిడ్జ్ బయటికి తీసి అటూ ఇటూ మెల్లగా నాలుగైదు సార్లు ఊపి పెట్టండి. టోనర్ అయిపోయినా ఆగకుండా నడిచే 'కంటిన్యూ' సెట్టింగ్ కూడా ఉంది. ప్రింట్ నిజంగా పాలిపోయేదాకా నేను వాడుకుంటాను.

మరమ్మతు అని మనిషిని పిలిచే అవసరం నాకు రాలేదు. రెండు చిన్న పనులు తెలిస్తే చాలు. పేజీ పొడుగునా నల్ల గీత పడుతుంటే డ్రమ్ము మీదున్న ఆకుపచ్చ మీటను ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు కొన్నిసార్లు జరపాలి. డ్రమ్ముకి విద్యుదావేశం ఇచ్చే లోపలి తీగ (దాన్ని కరోనా తీగ అంటారు) మీద దుమ్ము పోతుంది. మీటను మళ్లీ బాణం గుర్తు దగ్గరికే తెచ్చి ఆపాలి, లేకపోతే గీత పోకపోగా పేజీ పొడుగునా కొత్త చార పడుతుంది. అదే నల్లచుక్క సుమారు 94 మిల్లీమీటర్ల దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే అది డ్రమ్ము మీద అంటుకున్న జిగురో, మరకో. డ్రమ్ము ఒక చుట్టు అంత దూరం. స్టిక్కర్ కాగితాలు కొట్టేవాళ్లకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. దూది పుల్లతో సుతారంగా తుడవాలి, డ్రమ్మును ఎండలో మాత్రం పెట్టకూడదు.

ఇక మా కాకినాడ సంగతి. ఇక్కడ శ్రావణ భాద్రపదాల్లో గాలి ఎంత చెమ్మగా ఉంటుందో ఈ తీరంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రేలో నెలల తరబడి వదిలేసిన కాగితం ఆ తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. ఫ్యూజర్ వేడికి చుట్టుకుపోతుంది, రెండో వైపుకి తిరిగేటప్పుడు ఇరుక్కుంటుంది. మా ఇంట్లో కాగితం ఇరుక్కున్న ప్రతిసారీ కారణం ఇదే. ఇప్పుడు వానాకాలంలో ట్రేలో పాతిక కాగితాలకు మించి పెట్టను. మిగిలిన రీము దాని కవర్లోనే, బీరువాలో. కాగితం 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల బరువు) తీసుకుంటాను, 70 అయితే ఈ తేమకు ఇంకా మెత్తబడుతుంది. రాజమండ్రిలో, భద్రాచలం పక్కన సారపాకలో, కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లులున్న రాష్ట్రాలు మనవి. మంచి కాగితానికి కొదవ లేదు, దాచుకోవడంలోనే జాగ్రత్త కావాలి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లవాళ్లు ఇది తప్పక చదవండి. ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో లేజర్ ప్రింటర్ వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది, కొన్ని వెయ్యి దాకా కూడా వెళ్తాయి. ఫ్యాన్లు, లైట్లకని పెట్టుకున్న చిన్న ఇన్వర్టర్ దీనికి ట్రిప్ అవుతుంది. కంప్యూటర్ యూపీఎస్‌కీ తగిలించకూడదు. మేం నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాం. కరెంటు పోతే ప్రింట్ లేదు, అంతే. ఈ ఒక్క విషయంలో ఇంక్‌జెట్ మేలు.

అందుకే ఇంట్లో ట్యూషన్ చెబుతూ రోజూ ముప్పై, నలభై పేజీలు కొట్టే మా చెల్లెలికి నేను ఇది చెప్పలేదు. వాళ్ల ఊళ్లో కరెంటు కోతలెక్కువ, ప్రింటర్‌కి ఖాళీ ఉండదు కాబట్టి సిరా ఎండే ప్రమాదం తక్కువ. నల్ల సిరా ఒక్కటే ఉండే ఇంక్ ట్యాంక్ రకం తీసుకుంది. సీసాతో సిరా పోసుకోవడమే కాబట్టి పేజీ ఖర్చు లేజర్ కన్నా బాగా తక్కువ. అప్పుడప్పుడూ వాడే ఇంటికి మాత్రం లేజరే.

ఇది నాకు పదివేల చిల్లరకు వచ్చింది. ధరలు మారుతుంటాయి, పాత మోడళ్లు దుకాణాల్లోంచి మెల్లగా తప్పుకుంటాయి కూడా. మీరు వెళ్లినప్పుడు ఇది దొరక్కపోతే డి ఉన్న వేరే మోనో లేజర్ (నలుపు మాత్రమే కొట్టేది) చూడండి. కానీ డబ్బులు కట్టేముందు మీ ఊళ్లోనే రెండు షాపుల్లో ఆ మోడల్ టోనర్, డ్రమ్ము ధరలు అడిగి కాగితం మీద రాసుకోండి. పెట్టెలో వచ్చే టోనర్ చాలా మోడళ్లలో స్టార్టర్, పూర్తిగా నిండినది కాదు. కాబట్టి రెండో టోనర్ అవసరం మీరు అనుకున్నదానికంటే ముందే వస్తుంది. అది మీ ఊళ్లో దొరకదంటే ఆ ప్రింటర్ రెండు వేలు తక్కువకి ఇచ్చినా వదిలేయండి.