కూనూరులో కొలతలు, కిటికీలో వాటర్ ట్యాంకు

నీలగిరి కొండల్లోని కూనూరులో మేం దిగిన లాడ్జి పేరు రాయను గానీ, దాని కిటికీ గురించి రాయక తప్పదు. రూము 2,400 రూపాయలు. "రైల్ వ్యూ కావాలంటే ఇంకో 600 అవుతుంది సార్" అన్నారు ఫోన్‌లో. ఇంజన్ కూత వింటూ, పొగ చూస్తూ కాఫీ తాగొచ్చని ఆశపడి 3,000 ముందే పంపేశాను. తీరా వెళ్లి కర్టెన్ జరిపితే ఎదురుగా నల్లటి ప్లాస్టిక్ వాటర్ ట్యాంకు. 1000 లీటర్లు అని దాని మీద పెద్ద అక్షరాలు కూడా. కిందికెళ్లి అడిగితే రిసెప్షన్ కుర్రాడు పైకొచ్చి, కిటికీ చువ్వలకి చెంప ఆనించి, మెడ ఎడమకి తిప్పి, "అదిగో సార్, ట్రాక్" అన్నాడు. ట్యాంకుకీ గోడకీ మధ్య జానెడు సందులో ఏదో మెరిసిన మాట నిజమే. అది రైలు పట్టానో పక్కింటి రేకో ముగ్గురం చూసినా తేల్చుకోలేకపోయాం. "మీ రైలు మీరే చూసుకోండి" అని మా ఆవిడ ముసుగు తన్నింది. ఆ దుప్పటి కూడా చెమ్మగా ఉంది. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు దాకా అని బోర్డు పెట్టారు, మాకు వచ్చింది ఆరుంబావు వరకే. నా 600 వెనక్కి అడిగితే ఓనరు ఊళ్లో లేడట.

అసలు మేం వెళ్లింది టీ తోటల కోసం కాదు, కనీసం నేను కాదు. ఎనిమిది నెలలుగా నీలగిరి రైలు మోడల్ చేస్తున్నాను, 1:87 స్కేలులో, అంటే అసలుదానిలో 87వ వంతు సైజులో. ఫొటోలు చూసి చేసిన రెండు బోగీలూ ఎక్కడో తేడా కొడుతున్నాయి. ఎక్కడో తెలియక, టేపు, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్, పది సెంటీమీటర్లకోసారి నలుపు తెలుపు గీతలు వేసిన కర్ర పట్టుకుని బయల్దేరాను. ఆ కర్ర చూసి చెన్నై స్టేషన్లో ఇద్దరు, పాములు పడతారా అని అడిగారు. మా బావమరిది అప్పట్నుంచి నాకు రెండు బెర్తుల దూరంలోనే ఉన్నాడు.

చెన్నై నుంచి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే కొండ కింది మెట్టుపాళయంలో దింపుతుంది, 7:10 కొండ రైలు అందుతుంది. ఆ ఊళ్లో రాత్రి బస దండగ. ఊటీ వరకు ఫస్ట్ క్లాస్‌కి మనిషికి 600 కట్టాం. కొండెక్కేటప్పుడు ఆ బోగీ అన్నిటికన్నా ముందుంటుంది, డబ్బుకి న్యాయం జరిగినట్టే. "బావా, ఇంజన్ ఏదీ?" అని మావాడు కంగారుపడ్డాడు. ఇంజన్ వెనక ఉండి తోస్తుంది. మోడల్ చేసేవాళ్లు చాలామంది అలవాటుకొద్దీ ఇంజన్ని ముందు తగిలించేస్తారు, అక్కడే పరువు పోతుంది.

కల్లార్ స్టేషన్ దాటాక పట్టాల నడుమ పళ్ల పట్టీలు మొదలవుతాయి, ఇంజన్ కింది పళ్ల చక్రాలు వీటిని పట్టుకునే కొండెక్కుతాయి. రెండు పట్టీలు పక్కపక్కన, ఒకదాని పన్ను రెండోదాని సందుకి ఎదురుగా ఉంటుంది. కూనూరు దాకా అంతే. ఎత్తు దాదాపు 12 అడుగులకి ఒక అడుగు. మామూలు మోడల్ ఇంజన్ నూటికి నాలుగు దాటితేనే చక్రాలు జారి మొరాయిస్తుంది, ఇక్కడ నూటికి ఎనిమిది పైనే. అసలు ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు, అందులో రెండు ఈ పళ్ల చక్రాల కోసమే. అవి పనిలోకి దిగగానే శబ్దం మారింది, అదంతా ఫోన్లో రికార్డు చేశాను. హిల్‌గ్రోవ్ స్టేషన్లో నీళ్ల కోసం ఆగినప్పుడు ఒక కోతి మా ఆవిడ చేతిలో బిస్కట్ ప్యాకెట్ లాక్కుపోయింది. ఆ కోపం కూడా నా ఖాతాలోనే పడింది.

ఊటీలో ఒక రోజు బాగానే గడిచింది. వర్కీ అని అక్కడి బేకరీల్లో దొరుకుతుంది, అది మాత్రం తప్పకుండా తినండి, పొరలు పొరలుగా, టీలో ముంచుకుంటే బిస్కట్లు గుర్తుకే రావు.

ఇక వాటర్ ట్యాంకు రాత్రి గడిచాక, పొద్దున కూనూరు స్టేషన్‌కి వెళ్లాను. కొండ దిగువ నుంచి వచ్చిన రైలుకి ఇక్కడ ఆవిరి ఇంజన్ తీసి డీజిల్ తగిలిస్తారు. మనకి దొరికే సమయం అదే. ఇంట్లో ఒక ప్లాస్టిక్ అట్ట మీద ఆరు రకాల నీలాలు పూసి తీసుకెళ్లాను. నీడలో బోగీకి ఆనించి చూస్తే మూడోది అతికినట్టు సరిపోయింది. నేను వేసింది ఐదోది! ఫొటోలో రంగుని నమ్మకండి, ఎండని బట్టి, ఫోన్ని బట్టి మారిపోతుంది. అయితే ఆ మూడో రంగుని కూడా ఉన్నదున్నట్టు వేయకూడదు, చిన్న బొమ్మ మీద మరీ ముదురుగా కనిపిస్తుంది. కాస్త తెలుపు కలపాలి.

నా అట్ట చూసి, బోగీ ముందు నిలబడే బ్రేక్‌మన్ ఒకాయన దగ్గరికొచ్చారు. తిట్టడానికేమో అనుకున్నాను. ఆయనకి తెలుగు రాదు, నా తమిళం "కొంజం" దగ్గరే ఆగిపోతుంది. ఫోన్లో నా మోడల్ ఫొటో చూపించాను. పెద్దది చేసి, బోగీ చివర బాల్కనీ మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపారు. రెండు వేళ్లు చూపించారు. తర్వాత తన చోటికి తీసుకెళ్లి రెండు బ్రేకులూ చూపించారు: ఒకటి చక్రాలకి, రెండోది పళ్ల చక్రానికి. నేను పెట్టింది ఒక్కటే! ఎనిమిది నెలలు చూసిన ఫొటోలన్నిటిలో రెండోది మనిషి వెనక దాక్కుంది. చేతి పట్టు దగ్గర ఇనుము అరిగి నున్నగా వెండిలా మెరుస్తోంది, మిగతాదంతా నూనె నలుపు. కాలిపర్ పెట్టనిచ్చారు. టీకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ఇంతలో మా ఆవిడ, ఎప్పుడొచ్చిందో, గీతల కర్ర తీసుకుని బోగీ పక్కన నిటారుగా పట్టుకుంది. "త్వరగా తీయండి, అందరూ చూస్తున్నారు" అంది. పదకొండు ఫొటోలు తీశాను. దగ్గర్నుంచి తీయకండి, అంచులు వంగుతాయి. దూరంగా జరిగి జూమ్ చేసి, బోగీకి ఎదురుగా నిలబడి తీయాలి. కర్ర లేకపోతే పట్టాల మధ్య దూరాన్నే కొలబద్ద చేసుకోవచ్చు, అది 1000 మిల్లీమీటర్లు. మన స్కేలులో పదకొండున్నర వస్తుంది, బజార్లో దొరికే పట్టా పన్నెండు. ఆ అర మిల్లీమీటరు కోసం గొడవపడే ఓపిక నాకు లేదు.

ఇంటికొచ్చాక సన్నటి ఇత్తడి తీగతో రెండో బ్రేకు చేశాను, పట్టు దగ్గర మాత్రం రంగు వేయలేదు. మోడల్ రైలు తిరిగే నా లేఅవుట్లో కూనూరు మూల కూడా పూర్తయింది. స్టేషన్ వెనక చిన్న లాడ్జి, దాని కిటికీ ముందు పెన్ను మూత కోసి చేసిన నల్లటి ట్యాంకు. ఎత్తు 13 మిల్లీమీటర్లు. 600 రూపాయలు పోసి కొన్న కొలత మరి!