.45-70 మార్లిన్ లీవర్ రైఫిల్: ఒత్తిడి ఎంత, బలం ఎంత, ఎంతైతే చాలు

మొదటే నా తీర్పు చెప్పేస్తాను. .45-70 గవర్నమెంట్ తూటా పేల్చే మార్లిన్ 1895 రైఫిల్‌ను, అంటే కింది మీటను (లీవర్) ఆడించి తూటా ఎక్కించే వేట రైఫిల్‌ను, ఏళ్ల తరబడి వాడాక, దానికోసం అమ్మే అతి బలమైన తూటాలను పక్కన పెట్టేశాను. రైఫిల్ వాటిని తట్టుకోలేదని కాదు, చక్కగా తట్టుకుంది. కానీ ఆ అదనపు బలం అవసరమయ్యే పని నాకు ఎదురు కాలేదు. దాని మూల్యం మాత్రం ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ భుజం చెల్లించింది.

నాది గైడ్ గన్ రకం. 18.5 అంగుళాల బ్యారెల్, సుమారు ఏడు పౌండ్ల బరువు. అమెరికా వాయవ్య రాష్ట్రాల దట్టమైన అడవుల్లో ఎల్క్ (పెద్ద దుప్పి జాతి), నల్ల ఎలుగుబంటి వేటకు వాడుతున్నాను. అక్కడ వంద గజాల అవతల ఏముందో కంటికి ఆనడమే కష్టం.

ఈ తూటా చరిత్ర తెలియకపోతే దాని ఒత్తిడి పరిమితి అర్థం కాదు. అమెరికా సైన్యం 1873లో స్ప్రింగ్‌ఫీల్డ్ 'ట్రాప్‌డోర్' రైఫిల్ కోసం దీన్ని తీసుకుంది. 45 గుండు వ్యాసానికి గుర్తు, 70 అంటే 70 గ్రెయిన్ల (ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు) బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్లమందు. గుండు బరువు 405 గ్రెయిన్లు. ట్రాప్‌డోర్ రైఫిల్‌కు ఛాంబర్ (తూటా కూర్చునే గది) మీది మూత తలుపులా పైకి తెరుచుకుంటుంది. మూసినప్పుడు దాన్ని పట్టి ఉంచేది ఒక గొళ్లెం. ఆ పాత రైఫిళ్లు ఇప్పటికీ జనం చేతుల్లో ఉన్నాయి, నిన్న కొన్న తూటా వాటిలోనూ పడుతుంది. అందుకే అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే తయారీదారుల సంస్థ 'సామీ' దీని గరిష్ఠ ఒత్తిడిని చదరపు అంగుళానికి 28,000 పౌండ్ల దగ్గర ఆపింది. సన్నని .30-30 వించెస్టర్‌కు అదే సంస్థ 42,000 ఇచ్చింది.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ".45-70ని అన్యాయంగా తొక్కిపెట్టారు" అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. నాకు ఆ వాదన సగమే ఒప్పు. బోల్టు, అంటే తూటా వెనుక ఛాంబర్‌ను మూసే ఉక్కు ముక్క, మోసేది ఒత్తిడిని కాదు, తోపును. ఒత్తిడిని కేసు (మందు, గుండు పట్టి ఉంచే ఇత్తడి గొట్టం) అడుగు వైశాల్యంతో గుణిస్తే వచ్చేది ఆ తోపు. .30-30 కేసు అడుగు వ్యాసం దాదాపు 0.42 అంగుళాలు, .45-70ది 0.505. బయటి కొలతలతోనే లెక్క కడితే 42,000 దగ్గర .30-30 బోల్టు మీద వేసే భారం సుమారు 5,900 పౌండ్లు, 28,000 దగ్గర .45-70 వేసేది సుమారు 5,600. రెండూ ఇంచుమించు ఒకటే! కేసు గోడలు ఛాంబర్‌ను కరుచుకుని కొంత భారం మోస్తాయి కాబట్టి అసలు తోపు ఇంతకన్నా తక్కువే. అయినా రెంటినీ పోల్చడానికి ఈ లెక్క చాలు. మార్లిన్ 1972లో 1895 పేరును మళ్లీ తెచ్చినప్పుడు ఆ రైఫిల్‌ను .30-30 పేల్చే 336 నమూనా మీదే కట్టింది. అంటే మామూలు ఫ్యాక్టరీ తూటాతోనే ఆ యంత్రం .30-30తో 336 చేసిన పనంతా చేస్తోంది.

ఇక ఒత్తిడిని 40,000కు పెంచితే తోపు 8,000 పౌండ్లకు చేరుతుంది. నేటి ఉక్కు దాన్ని మోస్తుంది. కానీ ఈ రైఫిల్‌లో బోల్టును బిగించే కట్టె వెనుక వైపు ఉంటుంది, ముందు కాదు. తోపు పెరిగేకొద్దీ బోల్టూ, దాని చుట్టూ ఉన్న రిసీవరూ లేశమాత్రం సాగి మళ్లీ యథాస్థితికి వస్తాయి. ఆ మేరకు కేసు కూడా సాగుతుంది. బలమైన తూటాలు పేల్చిన కేసులను మళ్లీ నింపి వాడినప్పుడు, అవి మామూలు వాటికన్నా త్వరగా పనికిరాకుండా పోవడం నేను స్పష్టంగా చూశాను. పైగా ఇంత లావు కేసుకు చోటిచ్చాక బ్యారెల్ మొదట్లో మరలు పడే దగ్గర గోడ మందం పెద్దగా మిగలదు. దీన్ని గురించి ఎవరూ మాట్లాడరు, అందరి కళ్లూ బోల్టు మీదే!

నన్ను నిజంగా జాగ్రత్తపడేలా చేసినది మరొకటి. ఎక్కువ ఒత్తిళ్లకు కట్టిన బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో (బోల్టును చేత్తో తిప్పి తెరిచే రకం) హద్దు దగ్గరపడుతుంటే ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) చదునుగా నలగడం, బోల్టు బిగుసుకోవడం వంటి హెచ్చరికలు వస్తాయి. .45-70కి తగిన ఒత్తిళ్లలో ప్రైమర్ ఏమీ చెప్పదు. అది నలిగేసరికి హద్దు ఎప్పుడో వెనకబడి ఉంటుంది. లీవర్ తెరవడానికి బలం పట్టిందంటే మీరు అప్పటికే ఉండకూడని చోట ఉన్నారు. కాబట్టి లక్షణాలు చూసుకుంటూ మందు పెంచే పద్ధతి ఈ రైఫిల్‌కు పనికిరాదు. తూటాలు సొంతంగా నింపుకునేవారికోసం వచ్చే నమ్మదగిన లోడింగ్ పుస్తకం ఇచ్చిన అంకె దగ్గర ఆగాల్సిందే.

ఆ పుస్తకాలు .45-70కి మూడు వేర్వేరు పట్టికలు ఇస్తాయి. ట్రాప్‌డోర్‌కు ఒకటి, 1895 వంటి నేటి లీవర్ రైఫిళ్లకు ఒకటి, రుగర్ నంబర్ 1 వంటి గట్టి సింగిల్ షాట్‌లకు (ఒక్కో తూటా చేత్తో పెట్టి పేల్చేవి) ఒకటి. మూడో పట్టిక జోలికి లీవర్ రైఫిల్ ఉన్నవారు పోకూడదు. పాత పుస్తకాల్లో ఒత్తిడి రాగి కొలమానంలో ఉంటుంది, అంటే రాగి ముక్క ఎంత నలిగిందో చూసి చెప్పిన అంకె. దాన్ని పౌండ్లుగా చదువుకోవడం తప్పు. అలాగే డబ్బా మీద '+పి' (మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి) అని ఉంటే అది తయారీదారు మాటే తప్ప ప్రమాణం కాదు. .45-70కి సామీ అలాంటి తరగతి ఏదీ పెట్టలేదు. ఆ డబ్బాలోని తూటా తాతగారి ట్రాప్‌డోర్‌లో కూడా సాఫీగా కూర్చుంటుంది, అసలు ప్రమాదం అదే.

ఈ చిక్కుకు సరైన విరుగుడు 2000లో వచ్చిన .450 మార్లిన్. హార్నడీ, మార్లిన్ కలిసి చేసిన ఈ తూటాకు అడుగున వెడల్పాటి పట్టీ ఉంటుంది, కాబట్టి పాత .45-70 ఛాంబర్‌లోకి అది పోదు. సామీ పరిమితి 43,500. 350 గ్రెయిన్ల గుండుకు సెకనుకు 2,100 అడుగుల వేగం. ఆలోచనపరంగా లోపం లేదు. కానీ .45-70 ఉన్నవారు దాన్నే బలంగా నింపుకుంటూ ఉండిపోయారు, కొత్తది అంగట్లో కనపడటమే అరుదైపోయింది. 1964 నాటి .444 మార్లిన్ తూటా కూడా మంచిదే. కేసు కాస్త సన్నం కాబట్టి 42,000 ఒత్తిడినీ బోల్టు తేలిగ్గా మోస్తుంది. అయితే దానికి బరువైన గుండ్లు తక్కువ. తొలినాటి బ్యారెళ్లలో గుండును తిప్పే గాడుల మెలిక 38 అంగుళాలకు ఒక్క చుట్టే కాబట్టి పొడవాటి గుండ్లు నిలకడగా పోవు.

ఇక బలం సంగతి. 405 గ్రెయిన్ల గుండు, 1,330 అడుగుల వేగంతో పోయే పాత తరహా ఫ్యాక్టరీ తూటా శక్తి సుమారు 1,590 ఫుట్-పౌండ్లు. కాగితం మీద నవ్వొచ్చేంత తక్కువ. అడవిలో మాత్రం అది ఎల్క్ పక్కటెముకల గుండా ఈ వైపు నుంచి ఆ వైపుకు పోతుంది. 430 గ్రెయిన్ల గట్టి సీసపు గుండును 1,925 అడుగుల వేగంతో తోసే బలమైన తూటా శక్తి 3,500 దాటుతుంది. అదీ ఆ వైపుకే పోయి మట్టిలో దిగుతుంది. అలాస్కాలో గోధుమ ఎలుగుల మధ్య తిరిగేవారికి ఎదురుగా వచ్చే జంతువు భుజం ఎముక పగలాలి కాబట్టి ఆ తేడా విలువైనదే. నా పనికి కాదు. ఏడు పౌండ్ల రైఫిల్‌లో వెనక్కి తన్నే శక్తి మాత్రం రెట్టింపు దాటుతుంది. రెండో గురి ఆలస్యమవుతుంది, బ్యారెల్ కింద తూటాలు ఒకదాని వెనుక ఒకటి ఉండే మ్యాగజీన్ గొట్టం మర వదులవుతుంది, గొట్టంలో ఉన్న తూటాలు ఆ కుదుపుకు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. కేసు మూతి గట్టిగా నొక్కకపోతే గుండు లోపలికి జరుగుతుంది. లోపల చోటు తగ్గితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

పాత తూటాతో నాకున్న ఒకే ఒక ఫిర్యాదు దాని వంపు. వంద గజాలకు సరిచూసుకుంటే రెండు వందల దగ్గర రెండు అడుగులు కిందికి దిగుతుంది. ఇక్కడ 325 గ్రెయిన్ల మెత్తని ముక్కు గుండు ఉన్న హార్నడీ లెవరెవల్యూషన్ పనికొచ్చింది. పొడవాటి బ్యారెల్‌తో వారు చెప్పే వేగం 2,050 అడుగులు, నా పొట్టి బ్యారెల్‌లో అంత రాదు. వారి పట్టిక ప్రకారం వంద దగ్గర మూడు అంగుళాలు పైకి పెడితే రెండు వందల దగ్గర సుమారు నాలుగు అంగుళాలే కిందికి దిగుతుంది. ముక్కు సాగే గుణం ఉన్నది కాబట్టి గొట్టంలో ముందున్న తూటా ప్రైమర్‌ను పేల్చదు. మామూలు కోసు గుండును ఆ గొట్టంలో ఎప్పటికీ పెట్టకండి. ఈ కేసులను మళ్లీ నింపేవారు మరొకటి గమనించాలి. ఇవి మామూలు .45-70 కేసులకన్నా పొట్టివి, రెంటినీ కలిపితే మూతి నొక్కుడు సరిగా కుదరదు.

కొత్తగా కొనేవారికి నా సలహా ఇది. మార్లిన్ పేరును 2020లో రుగర్ కొన్న తర్వాత వచ్చిన 1895లు నేను చూసినంతవరకు శుభ్రంగా ఉన్నాయి. అంతకుముందు దశాబ్దపు రైఫిల్ అయితే లీవర్ ఆడించి, గురిపుల్ల నిటారుగా ఉందో లేదో చూసి మరీ తీసుకోండి. తూటాల విషయంలో 300 నుంచి 405 గ్రెయిన్ల మామూలు ఫ్యాక్టరీ డబ్బాలతో మొదలుపెట్టండి. వాటితో మీ వేట సాగుతుంటే పైమెట్టు ఎక్కాల్సిన పని లేదు.