కీళ్లవాతం ఇంజెక్షన్‌కు పెన్ను మేలా, సిరంజి మేలా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతానికి వారానికో, రెండు వారాలకో చర్మం కింద వేసుకోవలసిన ఇంజెక్షన్లు ఇప్పుడు కోనసీమ పల్లెల్లోని ఇళ్లకూ చేరాయి. సూది నొప్పికి జంకి మోతాదును వాయిదా వేసేవారు, ఆ వాయిదాతో కీళ్లు మళ్లీ వాచి మంచం పట్టేవారు మన మధ్యనే ఉన్నారు. ఈ నొప్పిని భరించి తీరాలన్న నియమమేదీ లేదు. దానిలో చాలా భాగం మనం ఎంచుకునే సాధనాన్ని బట్టి, వేసుకునే పద్ధతిని బట్టి తగ్గుతుంది.

పెన్ను అంటే ముందే మందు నింపి వచ్చే, లావుపాటి రాతపెన్నులా ఉండే ఇంజెక్షన్ సాధనం. అందులో సూది కంటికి కనిపించదు. చర్మానికి నిటారుగా ఆనించి మీట నొక్కితే లోపలి స్ప్రింగే సూదిని దించి, మందును తన వేగంతో పంపుతుంది. 10, 15 సెకన్లలో పని ముగుస్తుంది. ముందే మందు నింపి వచ్చే సిరంజిలో ఆ వేగం మన చేతిలో ఉంటుంది. మంట మొదలైతే ఒక్క క్షణం ఆగి, మళ్లీ నెమ్మదిగా నొక్కవచ్చు. అయితే దాన్ని పట్టుకోవడానికి బొటనవేలు, చూపుడువేలు మాట వినాలి. ఈ జబ్బు ముందుగా దెబ్బతీసేది తరచుగా ఆ వేళ్లనే.

పాలకొల్లు దగ్గర ఉండే మా మేనత్తగారు ఉదయం పూట కాఫీ గ్లాసును కూడా రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుంటారు. సిరంజి ఆవిడ వేళ్ల మధ్య నిలవదు. పెన్నునైతే పిడికిలితో బిగించి పట్టుకోగలుగుతున్నారు. మూత తీయడం ఒక్కటే కష్టం, ఆ పని కోడలు చేసిపెడుతుంది. ఉదయపు బిగుతు సడలిన తరువాత, సాయంత్రం వేళ వేసుకోవడం మొదలుపెట్టాక చేయి వణకడం కూడా తగ్గింది. ఈ జబ్బుకు ఇచ్చే ఇంజెక్షన్లలో ఒకటైన అడాలిముమాబ్ వాడే రోగులపై 2006లో వెలువడిన ఒక అధ్యయనంలోనూ ఎక్కువమంది సిరంజి కంటే పెన్నునే ఇష్టపడ్డారు, నొప్పి కూడా తక్కువగా ఉందన్నారు. కాబట్టి ఒంటరిగా వేసుకునేవారికి పెన్నే మేలని నా అభిప్రాయం. నిదానంగా వేయగల మనిషి ఇంట్లో ఉండి, మంటే ప్రధాన బాధగా ఉన్నవారు మాత్రం సిరంజి వైపు మొగ్గవచ్చు.

అసలు మంటకు మూలం చాలాసార్లు సూది కాదు, మందులో కలిపే సిట్రేట్ అనే లవణం. అడాలిముమాబ్ పాత తయారీలో 40 మిల్లీగ్రాముల మందు 0.8 మిల్లీలీటర్లలో, సిట్రేట్‌తో కలిసి ఉండేది. తరువాత వచ్చిన గాఢమైన తయారీలో అదే మోతాదు సిట్రేట్ లేకుండా 0.4 మిల్లీలీటర్లలో వస్తుంది, సూది కూడా మరింత సన్నన. పెన్నా సిరంజా అని తర్జనభర్జన పడేముందు, మీ పెట్టెలోని కాగితంలో సిట్రిక్ ఆమ్లం, సోడియం సిట్రేట్ అన్న మాటలున్నాయేమో మందుల షాపువారితో చదివించుకోండి. ఉంటే, అవి లేని రకం దొరుకుతుందేమో డాక్టరుగారిని అడగండి. ఇదే జబ్బుకు వాడే మరో మందు మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ సాధారణంగా అంత మంట పెట్టదు. దాని విషయంలో జాగ్రత్త వేరు: వారానికి ఒక్కసారే, పొరపాటున కూడా రోజూ కాదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేసుకుంటే చల్లని మందు నొప్పి పెడుతుంది. 15 నుంచి 30 నిమిషాలు బయట ఉంచితే చాలు. వేడినీళ్లలో ముంచడం, ఎండ తగిలే కిటికీలో పెట్టడం మందును పాడుచేస్తాయి. మే నెలలో రాజమహేంద్రవరంలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, ఇంట్లో నీడగా, చల్లగా ఉండే గదిలో 15 నిమిషాలే ఉంచడం నయం.

చోటు విషయానికొస్తే, బొడ్డుకు రెండు అంగుళాలు వదిలి పొట్ట మీద గాని, తొడ ముందుభాగంలో గాని వేసుకోవచ్చు. బక్కగా ఉన్నవారికి పట్టుకోవడానికి కొవ్వు ఎక్కడ దొరికితే అక్కడే సుఖం. ప్రతిసారీ చోటు మార్చాలి, స్పిరిట్ పూర్తిగా ఆరాలి, తరువాత రుద్దకూడదు. శుభ్రమైన గుడ్డలో చుట్టిన ఐసుగడ్డను ముందుగా ఒకటి రెండు నిమిషాలు ఆనించడం చవకైన ఉపాయం. తిమ్మిరెక్కించే క్రీము కూడా ఉంది గాని, గంట ముందే రాసి కప్పి ఉంచాలి కనుక, సూదంటే విపరీతంగా భయపడేవారికే ఆ శ్రమ తగును.

ఇంట్లో ఎవరూ వేయలేక పట్నంలోని నర్సు దగ్గరికి వెళ్లేవారు, రొయ్యలకు వాడే థర్మోకోల్ పెట్టెలో ఐసు నింపి అందులో మందు పెట్టుకెళ్లడం చూస్తుంటాం. పెట్టె మంచిదే, కాని ఐసు మందుకు నేరుగా తగలకూడదు; మధ్యలో మందపాటి తువ్వాలు ఉండాలి. ఒకసారి గడ్డకట్టిన మందు మళ్లీ కరిగినా పనికిరాదు, దాన్ని పారేసి కొత్తది తెచ్చుకోవలసిందే.