రీడ్‌మీలో ఫోల్డర్ల బొమ్మ: ట్రీ కమాండ్‌ను ఏళ్ల తరబడి వాడాక

టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు రిపోజిటరీ (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) తెరిచి ముందుగా అడిగేది "ఏది ఎక్కడుందండీ?" అనే. అందుకే ప్రాజెక్ట్‌ను పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్‌లో ఫోల్డర్ల బొమ్మ ఒకటి పెడతాను. దానికోసం ఆన్‌లైన్ జనరేటర్లు, ఎడిటర్ ఎక్స్‌టెన్షన్లు, కోడ్‌గా రాసినదాన్ని బొమ్మగా గీసే మెర్మెయిడ్ అన్నీ వాడి చూశాక నా దగ్గర మిగిలింది ఫోల్డర్లను, ఫైళ్లను కొమ్మల బొమ్మగా అచ్చేసే, టెర్మినల్‌లో నడిచే పాత ట్రీ కమాండే. స్టీవ్ బేకర్ రాసిన ప్రోగ్రామ్ ఇది, కాపీరైట్ 1996 నుంచి మొదలవుతుంది.

ఉబుంటులో ఏపీటీ, మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ఇన్‌స్టాలర్లతో ఒక్క లైన్‌లో దిగిపోతుంది. విండోస్‌లో ట్రీ అనే పేరుతో ఉన్నది వేరే సరుకు. /ఎఫ్ అని ఇవ్వకపోతే ఫైళ్లే చూపదు. ఇంత లోతు వరకు చాలని చెప్పే వీల్లేదు. పైగా డ్రైవ్ సీరియల్ నంబరు కూడా ముందు అచ్చేస్తుంది. విండోస్ వాడేవాళ్లు డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) లినక్స్ ట్రీ పెట్టుకోవడం మేలు.

ఏ ఆప్షనూ లేకుండా జావాస్క్రిప్ట్ ప్రాజెక్ట్‌లో ట్రీ కొట్టి చూడండి, బయటి లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ స్క్రీన్‌ను ముంచేస్తుంది. ఊళ్లో దారి చెప్పేవాడు గుడి దగ్గర ఎడమకు తిరగమంటాడు గానీ ప్రతి ఇంటి నంబరూ చదవడు. డాక్యుమెంటేషన్‌లో బొమ్మా అంతే చెయ్యాలి. అందుకని నేను దాదాపు ఎప్పుడూ -ఎల్ 2 (పెద్దక్షరం ఎల్) ఇచ్చి రెండు మెట్ల దగ్గరే ఆపేస్తాను. వద్దనుకున్నవి -ఐతో తీసేయొచ్చు. అదీ పెద్దక్షరమే. పేర్ల మధ్య నిలువు గీత పెడతాం కాబట్టి మొత్తం కోట్స్‌లో ఉంచాలి, లేకపోతే కమాండ్లను చదివి నడిపే షెల్ దాన్ని పైప్ (ఒక కమాండ్ ఫలితాన్ని మరోదానికి పంపే గుర్తు) అనుకుంటుంది. 2.0 వెర్షన్‌తో గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) పట్టించుకోవద్దని ముందే రాసుకున్న ఫైళ్లను వదిలేసే --గిట్‌ఇగ్నోర్ వచ్చాక ఈ జాబితా రాసే పని చాలావరకు తగ్గింది. ఉబుంటు 20.04లో ఉన్నది 1.8.0 కాబట్టి అక్కడ ఆ ఆప్షన్ దొరకదు, 22.04 నుంచి ఉంది.

చుక్కతో మొదలయ్యే ఫైళ్లను ట్రీ మామూలుగా చూపదు. కొత్తవాళ్లకు కావలసిన సెట్టింగ్ ఫైళ్లు కొన్ని అలాంటివే. -ఎ ఇస్తే అవి వస్తాయి, వాటి వెంట గిట్ సొంత ఫోల్డర్ కూడా వస్తుంది. దాన్ని విడిగా -ఐతో ఆపాలి.

నాకు బాగా నచ్చింది ఇంకో దారి. గిట్ ఎల్ఎస్-ఫైల్స్ ఇచ్చే జాబితాను పైప్ ద్వారా ట్రీ --ఫ్రమ్‌ఫైల్‌కు పంపితే గిట్‌లో ఉన్న ఫైళ్లే బొమ్మలో వస్తాయి. నా డెస్క్‌టాప్ మీది చిత్తు ఫైళ్లు, పేర్లలో క్లయింట్ల వివరాలున్న ఫోల్డర్లు పొరపాటున బయటికి పోవు. ఖాళీ ఫోల్డర్లు రావు, ఎందుకంటే గిట్ వాటిని అసలు పట్టించుకోదు.

ఇక తెలుగు పేర్ల సంగతి. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకునే ప్రాజెక్టుల్లో గిట్ ఆ పేర్లను బ్యాక్‌స్లాష్‌లు, అంకెలుగా మార్చి ఇస్తుంది. కోర్.కోట్‌పాత్ అనే గిట్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే అక్షరాలు అక్షరాల్లా వస్తాయి. లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) సరిగా లేని డాకర్ ఇమేజ్‌లో (ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే ప్యాకేజీ) ట్రీ కూడా అదే పని చేస్తుంది, అక్కడ మందు -ఎన్ (ఇదీ పెద్దక్షరమే). పేరు ఎప్పుడూ గీతల తర్వాతే వస్తుంది కనుక బొమ్మ మాత్రం చెదరదు. చెదిరేది పేర్ల పక్కన స్పేస్‌లతో వరుసగా పేర్చిన వివరణలు. తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఏ ఫాంట్ పెట్టినా ఆ నిలువు వరుస నిలవదు.

అన్నిటికన్నా విసిగించేది పాచ్ రివ్యూ, అంటే కోడ్‌లో చేసిన మార్పులను ఇంకొకరు సరిచూడటం. ఇది చూడండి:

ప్రాజెక్ట్
├── డాక్స్
├── సోర్స్
└── టెస్టులు
    └── యూనిట్

దీని చివర టూల్స్ అనే ఫోల్డర్ చేరిందనుకోండి. టెస్టులు ముందున్న మూల గీత మారిపోతుంది, యూనిట్ ముందున్న ఖాళీలో నిలువు గీత వచ్చి పడుతుంది. చేరింది ఒక్క ఫోల్డర్, పాతకూ కొత్తకూ తేడా చూపే డిఫ్‌లో మాత్రం మూడు లైన్లు కదులుతాయి. చివరి ఫోల్డర్ పెద్దదైతే దాని కింది లైన్లన్నీ మారినట్టే కనిపిస్తాయి. రెండు మెట్లకే ఆపడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో చిరాకు కంటికి కనబడదు. నిలువు గీత పక్కన ట్రీ మామూలు స్పేస్ వెయ్యదు, నాన్-బ్రేకింగ్ స్పేస్ (చూడటానికి అలాగే ఉండే వేరే అక్షరం) వేస్తుంది. తర్వాత ఎడిటర్‌లో వెతికితే ఉన్న లైనే దొరకదు. రీడ్‌మీలో అతికించే ముందు సెడ్ కమాండ్‌తో వాటిని మామూలు స్పేస్‌లుగా మార్చేస్తాను. మార్క్‌డౌన్‌లో (రీడ్‌మీ రాసే పద్ధతి) కోడ్ బ్లాక్ తప్పనిసరి, లేకపోతే లైన్లన్నీ ఒకే పేరాగా కలిసిపోతాయి. పీడీఎఫ్‌లో గీతలు మాయమైతే --క్యారెక్టర్‌సెట్ లాంటి పొడుగు పేరు వెతక్కండి, ఆప్షన్ పేరు --చార్‌సెట్. దానికి ఆస్కీ అని ఇస్తే చాలు.

మెర్మెయిడ్‌ను గిట్‌హబ్ 2022 నుంచి నేరుగా గీసి చూపిస్తోంది. సర్వీసుల మధ్య సంబంధాలకు బాగుంటుంది. ఫోల్డర్లకు వాడితే బొమ్మ అడ్డంగా సాగిపోతుంది, టెర్మినల్‌లో ఫైల్ తెరిచినవాడికి కోడే తప్ప బొమ్మ ఉండదు.

చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఈ గీతలను పేర్లతో చదివి విసిగిస్తుంది, లేదా వదిలేసి ఏ ఫోల్డర్ దేని కింద ఉందో తెలియకుండా చేస్తుంది. అలాంటి పాఠకులున్నచోట మామూలు బుల్లెట్ల జాబితాను లోపలికి జరుపుతూ రాయడమే సరైనది. ట్రీని అక్కడ నేను సిఫారసు చెయ్యను.

బొమ్మ పాతబడటాన్ని ఆపడానికి సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనిఖీలు నడిపే ఏర్పాటు) ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టాను. అది ట్రీని మళ్లీ నడిపి, రీడ్‌మీలో ఉన్నదానితో పోల్చి, తేడా ఉంటే బిల్డ్ ఆపేస్తుంది. చేత్తో రాసిన వివరణలు బొమ్మలోనే ఉంటే ఈ పోలిక కుదరదు. --ఇన్ఫో అనే ఆప్షన్ ఫోల్డర్‌లోని డాట్ ఇన్ఫో ఫైల్ నుంచి వివరణ తెచ్చి చూపిస్తుంది గానీ, పేరు పక్కన కాకుండా కింద వేసి బొమ్మను పొడిగించేస్తుంది. అందుకే బొమ్మను ఖాళీగా వదిలి, దాని కింద ఫోల్డర్ పేరు, అందులో ఏముంది, ఎవరిని అడగాలి అనే మూడు గడుల పట్టిక పెడుతున్నాను. కొత్తవాళ్లు ఎక్కువగా చూసేది ఆ మూడో గడే.