నగదా, మేకలా, పొదుపా, అప్పా: పిల్లలున్న నిరుపేద ఇంటికి ఏది మేలు?

ఇంటికి నాలుగు మేకలు ఇచ్చారనుకోండి, వాటిని కాసేదెవరు? చాలాచోట్ల ఆ ఇంటి పదేళ్ల పిల్లాడే. ఆదాయం పెరుగుతుంది, బడి పోతుంది. అందుకే ఏ సాయాన్నైనా నేను ముందు పిల్లల వైపు నుంచి చూస్తాను.

అప్పు సంగతి త్వరగా తేల్చేయొచ్చు. బోస్నియా, ఇథియోపియా, ఇండియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో సూక్ష్మరుణాలపై చేసిన ఆరు అధ్యయనాలు 2015లో ఒకేసారి వెలువడ్డాయి. కొందరి వ్యాపారం కాస్త పెరిగింది గానీ పేదరికం తీరిపోయిన దాఖలా లేదు. రాబడికే నిలకడ లేని ఇంట్లో వాయిదా రోజంటే టెన్షనే.

నగదు అలా కాదు, తిరిగి కట్టే పని లేదు. మెక్సికో 1997లో పిల్లలను బడికి పంపాలన్న షరతుతో తల్లుల చేతికి డబ్బివ్వడం మొదలుపెట్టింది. షరతు మంచిదేనా? ఆఫ్రికా దేశం మలావీలోని జోంబాలో ఆడపిల్లలున్న ఇళ్లకు షరతుతోనూ, షరతు లేకుండానూ ఇచ్చి చూశారు. షరతు పెట్టినచోట చదువు బాగా నిలిచింది. షరతు లేనిచోట చిన్న వయసు పెళ్లిళ్లు, గర్భాలు తగ్గాయి. బడి మానేసిన పిల్లకే డబ్బు అవసరం ఎక్కువ, షరతు పెడితే సరిగ్గా ఆమెకే ఆగిపోతుంది మరి! నా ఓటు షరతు లేని నగదుకే.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతిలో పశువులో కోళ్లో ఇస్తారు, కొన్నాళ్లు తిండి ఖర్చు ఇస్తారు, శిక్షణ ఇస్తారు, రెండేళ్లు ఇంటికొచ్చి కనుక్కుంటారు. దీన్నే ఆరు దేశాల్లో పరీక్షిస్తే పథకం ముగిసిన ఏడాది తర్వాత కూడా చాలావరకు ఫలితం నిలిచింది. హోండురాస్‌లో మాత్రం ఇచ్చిన కోళ్లు రోగమొచ్చి చాలా చచ్చిపోయాయి. ఖర్చూ ఎక్కువే, కానీ పనిచేయగల పెద్దవాళ్లున్న ఇంటికి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు.

పొదుపు సంఘం చవక. కేర్ సంస్థ 1991లో నైజర్‌లో మొదలుపెట్టిన నమూనా ఇది: పాతిక మందిలోపు సభ్యులు, మూడు తాళాల పెట్టె, ఒక్కో తాళంచెవి ఒక్కొక్కరి దగ్గర. ఏడాది చివర పంచుకునే డబ్బు బడి ఫీజుల వేళకు అందేలా చూసుకుంటే ఇంకా మేలు. అయితే ఈ పూట గడవని ఇల్లు పెట్టెలో ఏం వేస్తుంది?

కాబట్టి అవ్వ ఒక్కతే మనవళ్లను సాకుతున్న ఇంటికి నగదే ఇవ్వాలి, మేకలు వద్దు. పనిచేసే చేతులున్న ఇంటికి మేకలివ్వొచ్చు, వాటితో పాటు మొదటి కొన్ని నెలలు కాపరి కూలి కూడా లెక్కలో వేసి.