యెస్ టార్ ఉచితం, తడి బూట్లకి 118 పౌండ్లు

దక్షిణ ఇంగ్లాండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు డార్ట్‌మూర్ అనే గడ్డి కొండల ప్రాంతంలోని హై విల్‌హేస్, 621 మీటర్లు. వినడానికి గొప్పే గానీ, చూస్తే కాసిని గ్రానైట్ బండలు, పైన ఒక రాళ్ల కుప్ప. ఠీవి అంతా పక్కనున్న యెస్ టార్‌ది; టార్ అంటే నెత్తిన బండలున్న కొండ. 619 మీటర్లే అయినా గోల్కొండ బండల్లా దర్జాగా నిలబడి ఉంటుంది.

మెల్డన్ రిజర్వాయర్ ఆనకట్ట దాటి ఎక్కాం. పైన చెట్టూ చేమా ఉండవు, అంతా గడ్డి. పచ్చగా మెత్తగా కనబడే నాచు మీద మాత్రం కాలు పెట్టకండి. మా బావమరిది మోకాలి దాకా దిగిపోయి, శిఖరం చేరేదాకా నోరు విప్పలేదు. యెస్ టార్ పైన గాలికి నిలబడలేక బండ చాటున కూర్చుని పులిహోర తిన్నాం. ఇంకో ముఖ్యమైన మాట: ఈ వైపు సైన్యం నిజం తూటాలతో సాధన చేస్తుంది. ఫైరింగ్ తేదీలు చూసుకునే బయలుదేరండి. ఎర్రజెండా ఎగురుతుంటే అటు వెళ్లొద్దు.

ఇక బస. కొండల అంచునున్న ఓక్‌హాంప్టన్ ఊళ్లో మేం దిగిన గెస్ట్‌హౌస్ రాత్రికి 118 పౌండ్లు తీసుకుంది. ‘డ్రైయింగ్ రూమ్ ఉంది’ అని, అంటే తడిసిన బూట్లు, బట్టలు ఆరబెట్టుకునే గది ఉందని రాశారనే అంత పెట్టాం. తీరా చూస్తే అది మెట్లకింద చీపుర్లు పెట్టుకునే అర. ఒక బల్బు, నాలుగు కొక్కేలు, హీటర్ లేదు. బూటు వంచితే నీళ్లు కారుతున్నాయి. పోనీ గదిలో రేడియేటర్ మీద పెడదామంటే తొమ్మిదింటికే చల్లబడిపోయింది. అడిగితే ఓనరమ్మ, “ఏప్రిల్ వచ్చేసిందిగా!” అంది. శాకాహారం అని ముందే చెప్పినా, పొద్దున మా ఆవిడ ప్లేటులో బీన్సు, ఒక్కటంటే ఒక్క పుట్టగొడుగు. ఆవిడ కిక్కురుమనకుండా బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసి బల్లమీద పెట్టింది. డబ్బు వెనక్కి అడిగితే 10 పౌండ్లు చేతిలో పెట్టారు.

నన్నడిగితే దగ్గర్లోని నగరం ఎక్సెటర్‌లో మామూలు హోటల్ తీసుకోండి. 2021 నవంబరులో మళ్లీ మొదలైన రైలు నలభై నిమిషాల్లో ఓక్‌హాంప్టన్‌లో దింపుతుంది. చిన్నపిల్లలుంటే యెస్ టార్ వద్దు, కారు దిగి కాసేపు నడిస్తే చేరే మరో బండల కొండ హేటార్ చాలు. 1820లో గ్రానైట్ దిమ్మెలనే పట్టాలుగా పరిచిన ట్రామ్ దారి ఆ గడ్డిలో ఇంకా కనిపిస్తుంది. 1831 నాటి లండన్ బ్రిడ్జికి ఇక్కడి రాయి కూడా వెళ్లింది.